వరవిక్రయం: కొన్న మొగుడు ఎవరింట్లో ఉండాలి?

‘వరవిక్రయం’ 1939లో విడుదలైన తెలుగు సాంఘిక చిత్రం. దర్శకుడు సి. పుల్లయ్య. నిర్మించింది కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ. కాళ్లకూరి నారాయణరావు అదే పేరుతో రాసిన నాటకం దీనికి ఆధారం. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ చిత్రానికి దక్కే చోటు సాధారణంగా ఒక్క వాక్యమే: భానుమతి మొదటి సినిమా. ఆ వాక్యం నిజమే కానీ, దాని వెనక ఒక మంచి కథ మరుగున పడిపోయింది. వరకట్నం మీద తెలుగులో నాటకాలు, సినిమాలు లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం కన్నీళ్లు పెట్టించాయి, కొన్ని ఉపన్యాసాలిచ్చాయి. కట్నం పుచ్చుకున్నవాడిని వాడి మాటకే కట్టేసి నలుగురిలో నవ్వులపాలు చేసింది మాత్రం ప్రధానంగా ఇదే.

పురుషోత్తమరావుకి ఇద్దరు కూతుళ్లు, కాళింది, కమల. తండ్రి ఆదర్శాలున్న మనిషి. కట్నం ఇచ్చి పెళ్లి చేయడం ఇష్టం లేదు. కానీ ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఉంది, భార్య భ్రమరాంబ పోరు పడలేకున్నాడు, పెళ్లిళ్ల పేరయ్య గుమ్మం వదలడు. ఆ పేరయ్య తెచ్చిన సంబంధం సింగరాజు లింగరాజు కొడుకు బసవరాజు. లింగరాజు ఊరందరికీ తెలిసిన పిసినారి. కట్నం వేలల్లో కుదిరింది. పురుషోత్తమరావు ఉన్న భూమి అమ్మి ఆ సొమ్ము ముందే చెల్లించాడు. తనను ఇవ్వడానికి తండ్రి ఆస్తి పోవడం చూసి తట్టుకోలేక కాళింది ప్రాణం తీసుకుంది. పెళ్లి జరగలేదు కనుక డబ్బు వెనక్కి ఇమ్మంటే లింగరాజు ఇవ్వనన్నాడు. కావాలంటే రెండో పిల్లనివ్వండి, అదే కట్నం కింద సర్దుకుంటానన్నాడు.

అందరూ ఆశ్చర్యపోయేలా కమల సరేనంటుంది. అక్క చావుకి కారణమైన ఇంటికే కోడలవుతానంటుంది. పెళ్లయ్యాక ఆమె పేచీ మొదలవుతుంది. అత్తవారింటికి రానంటుంది. మా నాన్న డబ్బు పోసి మిమ్మల్ని కొన్నాడు, కొన్న వస్తువు కొన్నవాళ్లింటికి రావాలి కానీ కొన్నవాళ్లు వస్తువు వెంట అమ్మినవాడి ఇంటికి వెళ్లడం ఎక్కడి న్యాయం అని నిలదీస్తుంది. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. లింగరాజు పరువు, డబ్బు రెండూ పోతాయి. కమల గెలుస్తుంది.

ఇందులోని హాస్యమంతా ‘విక్రయం’ అనే మాటను అక్షరాలా పట్టుకోవడంలో ఉంది. సంస్కర్తలు కట్నాన్ని తిట్టడానికి ‘కొడుకుని అమ్ముకోవడం’ అనేవాళ్లు. అది తిట్టు, అలంకారం. కాళ్లకూరి ఆ అలంకారాన్ని దస్తావేజులాగా చదివాడు. అమ్మకమైతే అమ్మకపు ధర్మాలన్నీ వర్తించాలి కదా? సరుకు చేతులు మారాలి. అమ్మినవాడికి దాని మీద ఇక హక్కు ఉండకూడదు. లోకంలో ఏ వ్యాపారంలోనూ లేని విడ్డూరం ఈ ఒక్క బేరంలోనే ఉంది: అమ్మినవాడు ధర పుచ్చుకుంటాడు, సరుకు తనింట్లోనే ఉంచుకుంటాడు, పైగా కొన్నవాడి కూతురినీ ఇంటెడు చాకిరికి తీసుకెళ్తాడు. కమల ఎవరినీ సంస్కరించబోదు, నీతులు చెప్పదు. బేరం బేరంలాగే జరగాలంటుంది, అంతే. లింగరాజు లాంటి వ్యాపారబుద్ధి ఉన్నవాడికి ఆ భాషకి జవాబు చెప్పడం చేతకాదు. ప్రేక్షకుడు నవ్వేది అక్కడ.

డబ్బు దిశ మారిన కాలం

‘వరవిక్రయం’ పేరు చదవగానే పక్కన ‘కన్యాశుల్కం’ గుర్తురావడం సహజం. గురజాడ నాటకం 1892లో మొదట ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, బాగా మార్చిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి చేయించిన విచారణలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్లిళ్లు 1,034 తేలాయి. ఆ పిల్లల్లో అయిదేళ్లవాళ్లు, అంతకంటే చిన్నవాళ్లు కూడా ఉన్నారు. అంటే అప్పటికి ఆ కుటుంబాల్లో డబ్బు వరుడి వైపు నుంచి వధువు తండ్రికి వెళ్లేది.

పాతికముప్పై ఏళ్లు తిరిగేసరికి, అదే కోస్తా జిల్లాల్లో, దాదాపు అవే కుటుంబాల్లో, డబ్బు ఎదురు దిక్కున పారడం మొదలైంది. ఇంగ్లీషు చదువు, దాని వెనక సర్కారు కొలువు, దాని వెనక నెలజీతం వచ్చాయి. జీతగాడైన వరుడు అరుదు, అతని కోసం పోటీ పడే కన్యల తండ్రులు మెండు. మెట్రిక్యులేషన్‌కి ఒక ధర, పట్టభద్రుడికి ఒక ధర, వకీలుకి ఇంకో ధర. ఒక తరం పిల్లను అమ్మింది, తర్వాతి తరం పిల్లవాడిని అమ్మింది. రెండు బేరాల్లోనూ ఇల్లు మారింది మాత్రం ఆడపిల్లే. గురజాడకీ కాళ్లకూరికీ మధ్య తెలుగు సంఘం నడిచిన దూరం ఇదీ. ఇది తెలిస్తే కమల వేసిన ప్రశ్న ఎంత సూటిదో అర్థమవుతుంది. ఎవరు ఎవరిని కొన్నా ఆమె మాత్రమే ఎందుకు కదలాలి?

అప్పటి వాతావరణంలో ఇంకొక సంగతి కూడా ఉంది. 1914 జనవరిలో కలకత్తాలో స్నేహలత అనే అమ్మాయి, తన పెళ్లి కోసం తండ్రి ఇల్లు తాకట్టు పెట్టబోతున్నాడని తెలిసి ఒంటికి నిప్పంటించుకుంది. ఆ వార్త దేశమంతా పాకింది. పత్రికలు రాశాయి, సభలు జరిగాయి, యువకులు కట్నం తీసుకోమని ప్రమాణాలు చేశారు. కాళింది పాత్ర చదువుతుంటే స్నేహలత తలపుకు రాకుండా ఉండదు. కాకపోతే కాళ్లకూరి కథను ఆ చావుతో ఆపలేదు. చెల్లెల్ని మిగిల్చాడు. చావు తర్వాత ఏం చేయాలనే ప్రశ్నకు జవాబుగా కమలను నిలబెట్టాడు.

కాళ్లకూరి నారాయణరావు (1871–1927) పశ్చిమగోదావరి ప్రాంతంలోని మత్స్యపురిలో పుట్టి, కాకినాడలో స్థిరపడిన రచయిత. ఆయన పేరు నిలబెట్టిన నాటకాలు మూడు: వేశ్యాలోలత్వం మీద ‘చింతామణి’, కట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’. మూడింటిలో జనంలోకి అన్నిటికంటే ఎక్కువగా వెళ్లింది ‘చింతామణి’. అందులోని సుబ్బిశెట్టి పాత్రకు నాటక సమాజాల వాళ్లు తరతరాలుగా సొంత హాస్యం జోడిస్తూ పోయారు. ఒక సామాజికవర్గాన్ని కించపరుస్తున్నారన్న అభ్యంతరాల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ‘వరవిక్రయం’కి ఆ గతి పట్టలేదు. లింగరాజు ఏ ఒక్కరి కులాన్నీ వెక్కిరించే పాత్ర కాదు. పెళ్లికొడుకు తండ్రులు అన్ని కులాల్లోనూ ఉన్నారు, కనుక కేసు పెట్టేవాడు ఎవడూ లేడు.

తెర మీదికి

సి. పుల్లయ్య కూడా కాకినాడ మనిషే. (‘కన్యాశుల్కం’ను 1955లో సినిమాగా తీసిన పి. పుల్లయ్య వేరు. ఈ ఇద్దరినీ ఒకరనుకోవడం తరచూ జరిగే పొరపాటు.) మూకీ రోజుల నుంచీ సినిమాలు తీసినవాడు. 1933లో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీసి తెలుగు టాకీని నిలబెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. ఆ రెండూ కూడా ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ చిత్రాలే. అప్పట్లో తెలుగువాళ్లు టాకీ తీయాలంటే బొంబాయో కలకత్తానో వెళ్లడం మామూలు. కాకినాడ నాటకం కలకత్తా స్టూడియోలో సినిమా అయింది అలాగే.

1938, 1939 సంవత్సరాలు తెలుగు సినిమాకి పురాణాల నుంచి పక్కకు జరిగిన కాలం. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’, బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’, వై.వి. రావు ‘మళ్లీ పెళ్లి’ ఈ రెండేళ్లలోనే వచ్చాయి. అస్పృశ్యత, జమీందారీ, నిరుద్యోగం, వితంతు వివాహం. వీటి సరసన ‘వరవిక్రయం’ కాస్త పాతకాలపు సినిమాలాగే కనిపిస్తుంది. అది రంగస్థలం నుంచి వచ్చింది, ఆ వాసన పోగొట్టుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు. కానీ మిగతా నాలుగింటికీ లేనిది దీనికి ఒకటుంది. అది హాస్యం చేయడానికి భయపడదు.

ఆ హాస్యాన్ని మోసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. లింగరాజు పాత్ర ఆయనదే. బలిజేపల్లి పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ‘సత్య హరిశ్చంద్రీయం’. పల్లెపల్లెనా ఆడిన ఆ పద్యనాటకం ఆయన రచన. మాట నిలబెట్టుకోవడం కోసం కాశీ వీధుల్లో హరిశ్చంద్రుడు భార్యను అమ్మే ఘట్టం రాసిన కవి, ఇక్కడ డబ్బు కోసం కొడుకుని అమ్మి, మాట తప్పి, సొమ్ము దిగమింగే తండ్రిగా నటించాడు. ఈ ఎంపిక కావాలని చేశారో లేదో కానీ, చూసేవాళ్లకు ఆ రెండు అమ్మకాలూ పక్కపక్కన కనిపించి ఉంటాయి. భార్యను అమ్మినవాడు సత్యసంధుడిగా ఎలా మిగిలాడో, కొడుకుని అమ్మినవాడు నవ్వులపాలు ఎలా అయ్యాడో ఎవరైనా తీరిగ్గా ఆలోచించదగిన విషయం.

కాళిందిగా భానుమతి, కమలగా పుష్పవల్లి. పుష్పవల్లి తర్వాతి కాలంలో తెలుగు, తమిళ తారగా వెలిగింది. హిందీ నటి రేఖ ఆమె కూతురు. భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925 సెప్టెంబరులో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతం తెలిసినవాడు, కూతురికి తనే పాట నేర్పాడు. ఈ సినిమాలో ఆమె త్యాగరాజ కీర్తన పాడింది. కూతురిని సినిమాల్లోకి పంపేటప్పుడు ఆయన పెట్టిన షరతు సినీ వర్గాల్లో చాలాకాలం చెప్పుకున్నారు: మగ నటుడెవరూ ఆమెను తాకకూడదు. ఈ కథలో ఆ షరతు పాటించడం కష్టం కాలేదు. కాళింది పెళ్లి పీటల దాకా వెళ్లదు.

పదమూడేళ్ల పెళ్లికూతుళ్లు

ఇక్కడ కాస్త ఆగి వయసులు లెక్కపెట్టాలి. పుష్పవల్లి 1926లో పుట్టింది. సినిమా వచ్చింది 1939లో. అంటే పెళ్లీడుకొచ్చిన అక్కాచెల్లెళ్లుగా నటించిన ఇద్దరూ ఇప్పటి లెక్కలో ఎనిమిదో తరగతి పిల్లలు. ఆనాటి ప్రేక్షకుడికి ఇది వింతగా అనిపించలేదు. 1929లో చేసిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి పెట్టిన కనీస వయసు 14. చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. దాన్ని తప్పించుకునే దారి కాకినాడకు బాగా దగ్గర్లోనే ఉంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం అప్పుడు ఫ్రెంచివాళ్లది. పుదుచ్చేరి నుంచి పాలించే ఆ చిన్న ముక్కలో బ్రిటిష్ ఇండియా చట్టం చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని తీసుకుని అక్కడికెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. యానానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు.

ఈ సంగతి ఎందుకంటే, కాళ్లకూరి హాస్యానికి ఎదురుగా ఉన్న లోకం అది. చట్టం ఒకటుంటే దాని సరిహద్దు దాటే బండి ఇంకొకటి సిద్ధంగా ఉండే లోకం. అలాంటి చోట ఒక రచయిత కొత్త చట్టం కావాలని అడగకుండా, పెళ్లివాళ్లు తమంతట తాము చేసుకున్న బేరాన్నే చట్టంగా పట్టుకోవడం తెలివైన పని. బేరానికి సరిహద్దు లేదు. యానాంలో చేసినా కాకినాడలో చేసినా అమ్మకం అమ్మకమే.

నాటకానికీ సినిమాకీ లోపాలు లేకపోలేదు. కాళింది చావును త్యాగంగా చూపించడంలో ఒక ప్రమాదం ఉంది. ఆడపిల్ల తండ్రికి భారం కాకుండా తప్పుకోవడమే ఆమె గొప్పతనం అన్న అర్థం అందులోంచి పుట్టవచ్చు. కట్నం పాపమంతా ఒక పిసినారి మీద, ఒక పెళ్లిళ్ల పేరయ్య మీద పెట్టడం కూడా సులువైన దారి. లింగరాజంత లోభం లేని మర్యాదస్తులు అదే కట్నాన్ని వెండి పళ్లెంలో తీసుకుంటే ఏమిటన్నది నాటకం అడగదు. భ్రమరాంబను గయ్యాళి తల్లిగా చూపించారు కానీ, పెళ్లికాని కూతురి గురించి ఊరు అనే మాటలు పడాల్సింది ఆమే. ఆమె భయానికి న్యాయం జరగలేదు.

బసవరాజు సంగతి మాత్రం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. అతను దుష్టుడు కాడు. తండ్రి బేరంలో అతను సరుకు. భార్య ‘నిన్ను కొన్నాను’ అన్నప్పుడు అతనికి కలిగే అవమానం, ప్రతి కొత్త కోడలికీ మొదటి రోజు అత్తింట్లో కలిగేదే. ఆడపిల్ల విషయంలో మామూలుగా అనిపించింది మగపిల్లవాడి విషయంలో నవ్వు పుట్టిస్తుంది. సినిమా చేసిన అసలు పని ఇదేననిపిస్తుంది.

వారసులు

తర్వాతి తెలుగు సినిమా ఈ దారిలో పూర్తిగా నడవలేదు. విజయా వారి ‘పెళ్లి చేసి చూడు’ (1952) కట్నం మీద తీసిన గొప్ప హాస్యచిత్రం. పిచ్చివాడిగా నటించే ఎన్టీ రామారావును ఎవరూ మరిచిపోరు. కానీ అందులో తండ్రికి బుద్ధి చెప్పే ఉపాయం కొడుకుది. ‘ఇల్లరికం’ (1959) అత్తింట్లో ఉండే అల్లుడి అవమానాలను చూపించింది కానీ, జాలి అంతా అల్లుడి మీదే. కె. విశ్వనాథ్ ‘శుభలేఖ’ (1982)లో కట్నాన్ని కాదన్న అమ్మాయి బలంగా నిలబడుతుంది. కమల వారసురాలిని వెతకాలంటే అక్కడ కొంత దొరుకుతుంది.

భానుమతి మటుకు వేరే దారిలో కమల కొనసాగింపే అయింది. 1953లో ‘చండీరాణి’కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది. మరుసటి ఏడు సొంత సంస్థ ‘భరణి’ తీసిన ‘చక్రపాణి’లో, మునిమనవడికే ఆస్తి రాస్తానన్న ముసలివాడి మొండితనం చుట్టూ నడిచే హాస్యాన్ని తన భుజాల మీద నడిపించింది. తర్వాత ‘అత్తగారి కథలు’ రాసి, తెలుగు ఇళ్లలో కన్నీటి పాత్రగానో కర్కశ పాత్రగానో ఉండిపోయిన అత్తగారిని నవ్వుతూ చూడటం నేర్పింది.

చట్టం కూడా ‘విక్రయం’ అన్న మాట దగ్గర చాలాకాలం ఇరుక్కుంది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంతంగా వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. 1961లో కేంద్ర చట్టం వచ్చింది. అందులో కట్నమంటే పెళ్లికి ‘ప్రతిఫలంగా’ ఇచ్చినది అని నిర్వచనం. అంటే అది బేరమని రుజువు చేయాలి. లింగరాజైతే నోరారా ఒప్పుకునేవాడు. తర్వాతి తరాల లింగరాజులు ‘ముచ్చటగా ఇచ్చారు, మేం అడగలేదు’ అనడం నేర్చుకున్నారు. 1984లో ఆ మాట మార్చి, పెళ్లికి ‘సంబంధించి’ ఇచ్చినదంతా కట్నమే అన్నారు. ఇచ్చినవాడూ నేరస్తుడే అన్న నిబంధన ఇప్పటికీ ఉంది. ఆ లెక్కన పురుషోత్తమరావూ ముద్దాయే.

కట్నం మూలాన్ని ఆస్తి హక్కులో చూసిన చట్టం కూడా తెలుగు నేలదే. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. కూతుళ్లను వాటా నుంచి దూరంగా ఉంచడమే కట్న దురాచారానికి దారితీసిందని ఆ చట్టం పీఠికలోనే రాశారు. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది.

ఇక కమల కోర్టులో వేసిన ప్రశ్న, భార్య భర్త ఇంటికి రానంటే ఆమెను రమ్మని ఆజ్ఞాపించవచ్చా అన్నది, నిజమైన కోర్టులోకి కూడా వచ్చింది, అదీ ఒక సినీనటి రూపంలో. నటి సరితను కాపురానికి పంపించమంటూ భర్త కడప కోర్టుకు వెళ్లాడు. వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వచ్చింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9 స్త్రీ దేహం మీద, ఆమె ఇష్టం మీద రాజ్యానికి లేని అధికారాన్ని ఇస్తోందని చెప్పి దాన్ని కొట్టేశారు. అప్పటికి దేశంలో ఏ కోర్టూ అంత మాట అనలేదు. మరుసటి సంవత్సరమే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ 9 చట్టంలో అలాగే ఉండిపోయింది.